కుదుపును జయించిన పశువైద్యుడు

సైకిలుపై కళాశాలకు వచ్చే విద్యార్థి, బస్సులో పొరుగూరికి వెళ్లే ప్రయాణికుడు, పంటను మార్కెట్టు యార్డుకు చేర్చే రైతు, విమానం దిగే యాత్రికుడు - వీరందరికీ ఉమ్మడిగా ఉన్న ఆధారం ఒకటే. అది టైరులో బంధింపబడిన గాలి. కంటికి కనిపించని ఆ గాలి మన బరువును మోస్తున్నది. దారిలోని రాళ్లను, గుంతలను తానే భరించి మనకు సుఖాన్ని కలిగిస్తున్నది. ఈ మేలును లోకానికి అందుబాటులోకి తెచ్చినవాడు యంత్ర నిర్మాత కాడు, శాస్త్రాచార్యుడూ కాడు. పశువులకు వైద్యం చేసి జీవించిన ఒక సామాన్య గృహస్థు. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్‌లప్.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండక ముందే పుట్టాడని తల్లి చెప్పిన మాట ఆయన మనస్సులో బలంగా నాటుకున్నది. తాను దుర్బలుడనని, శరీరాన్ని శ్రమపెట్టరాదని ఆయన జీవితమంతా భావించాడు. అయితే ఎనభై ఏళ్లు దాటేవరకు ఆయనకు చెప్పుకోదగిన జబ్బు ఏదీ చేయలేదు. వ్యవసాయంలో ఉన్న కాయకష్టానికి తాను తగనని ఎంచి చదువుపై దృష్టి నిలిపాడు. ఎడింబరో నగరంలో పశువైద్యశాస్త్రం అభ్యసించి చిన్న వయస్సులోనే పట్టా పొందాడు.

1867లో ఆయన సముద్రం దాటి ఐర్లండు చేరాడు. ఆనాడు ఐర్లండు అంతా బ్రిటిష్ పాలనలోనే ఉండేది. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరునితో కలిసి వైద్యశాల నడిపాడు. తరువాత బెల్‌ఫాస్ట్ నగరానికి మారాడు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు. 1880వ దశకం నడుమకు వచ్చేసరికి డన్‌లప్ వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది.

ఆ రోజుల్లో పశువైద్యమంటే ప్రధానంగా గుర్రాల వైద్యమే. నగర జీవనమంతా గుర్రపు బండ్లపై ఆధారపడి ఉండేది. రోగి అయిన గుర్రం తన బాధను చెప్పలేదు. వైద్యుడే దాని నడకను గమనించాలి. ఒక కాలిని మరొక కాలితో పోల్చి చూడాలి. నొప్పి ఎక్కడున్నదో చేతితో తడిమి తెలుసుకోవాలి. కుంటుతున్న కాలికీ కుంటుకు కారణమైన చోటికీ మధ్య దూరం ఉండవచ్చు. ఈ వృత్తి డన్‌లప్‌కు ఓర్పుతో పరిశీలించే గుణాన్ని అలవరచింది. దీనికితోడు వైద్య పరికరాల కోసం రబ్బరుతో పనిచేసిన అనుభవం కూడా ఆయనకు ఉండేది. ఈ రెండూ తరువాతి కాలంలో అక్కరకు వచ్చాయి.

ఆనాటి చక్రాల స్థితిని తెలుసుకుంటేనే ఆయన కృషి విలువ మనకు బోధపడుతుంది. బండి చక్రాలు కొయ్యవి. వాటి చుట్టూ ఇనుప పట్టా ఉండేది. మన పల్లెల్లో కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి, నీరు చల్లి బిగువెక్కించిన విధానమే ఇంచుమించుగా ఐరోపాలోనూ ఉండేది. సైకిళ్లకు, మూడు చక్రాల బండ్లకు మాత్రం సన్నని గట్టి రబ్బరు పట్టీ వేసేవారు. అది ఇనుముకంటె కొంత నయమే గాని కుదుపును పోగొట్టలేకపోయింది. బెల్‌ఫాస్ట్ వీధులు చెక్కిన రాళ్లు పరచినవి. వాటి మీదుగా సైకిలు తొక్కినవారికి ఎముకలు కదిలిపోయేవి.

డన్‌లప్ కుమారునికి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. ఆ బాలుడు రాళ్ల వీధులలో దానిని తొక్కడానికి కష్టపడేవాడు. కుమారుని ఇబ్బంది తండ్రి మనస్సును కదిలించింది. లోపం ఎక్కడున్నది? దారినంతటినీ నునుపు చేయడం ఒక తండ్రి వల్ల అయ్యే పని కాదు. కూర్చునే పీటకు మెత్త వేస్తే ఆ పీట ఒక్కటే మెత్తబడుతుంది. చక్రం మాత్రం రాయిని కొట్టుకుంటూనే ఉంటుంది. కుదుపు పుట్టేది చక్రం నేలను తాకేచోట. కనుక చికిత్స కూడా అక్కడే జరగాలి. డన్‌లప్ ఆలోచన ఈ చోటనే కేంద్రీకృతమైంది.

1887 అక్టోబరులో ఆయన తన ఆవరణలోనే ప్రయోగానికి పూనుకున్నాడు. ఒక గుండ్రని కొయ్య బిళ్లను తీసుకున్నాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం తయారుచేసి దాని చుట్టూ అమర్చాడు. గొట్టం ఊడిపోకుండా పైన నార గుడ్డ కప్పి, ఆ గుడ్డ అంచులను చిన్న మేకులతో కొయ్యకు బిగించాడు. కాలిబంతికి గాలి కొట్టే పంపుతో గొట్టంలోనికి గాలి నింపి మూతి కట్టివేశాడు. ఆ వస్తువు చూపులకు మోటుగా ఉన్నది. అయినా చరిత్రను మలుపు తిప్పింది అదే.

తరువాత ఆయన చేసిన పరీక్ష ఎంతో సులభమైనది. కుమారుని సైకిలు నుంచి ఒక లోహపు చక్రాన్ని విప్పి, దానిని ఆవరణలో నేలమీద దొర్లించాడు. అది కొంత దూరం పోయి వేగం తగ్గి పడిపోయింది. ఆపైన గాలి నింపిన చక్రాన్ని దొర్లించాడు. అది ఆగకుండా ఆవరణ చివరివరకు సాగిపోయి, ద్వారబంధపు స్తంభానికి తగిలి వెనక్కు ఎగిరింది. రెండు చక్రాలకూ నేల ఒకటే, తోసిన చెయ్యి ఒకటే. తేడా అంచులోనే ఉన్నది. ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి మిగిలినవాటిని మార్చకుండా ఉంచి చూడడం శాస్త్రీయ పరీక్షకు ప్రాణం. డన్‌లప్ ఆ సూత్రాన్ని ఆర్భాటం లేకుండా ఆచరించాడు.

ఈ పరీక్షలో ఆయనకు ఆశించినదానికంటె అధికమైన ఫలం లభించింది. ఆయన కోరినది కుమారునికి సుఖం. లభించినది వేగం కూడా. దీనికి కారణమేమిటి? గట్టి చక్రం రాయిని ఎదుర్కొన్నప్పుడు చక్రంతోపాటు దానిపై బరువు కూడా పైకి లేవవలసి వస్తుంది. మరుక్షణం అది దబ్బున కింద పడుతుంది. ఇలా లేచి పడుతున్న ప్రతిసారీ ముందుకు సాగవలసిన బలంలో కొంత వ్యర్థమవుతుంది. గాలి చక్రం అలాకాదు. రాయి తగిలినచోట అది లోనికి వంగుతుంది. ఆ ఒత్తిడిని లోపలి గాలి అన్ని వైపులకూ పంచుతుంది. రాయి దాటగానే చక్రం మునుపటి రూపం పొందుతుంది. బండి ఎత్తు పెద్దగా మారదు. కుదుపు అనేది కేవలం శరీరానికి కలిగే బాధ కాదు. అది వ్యర్థమైపోతున్న శక్తికి గుర్తు. ఈ సత్యం తెలియడంతో ఒక తండ్రి చేసిన ఇంటి పని లోకోపకారమైన ఆవిష్కరణగా మారింది.

డన్‌లప్ సైకిలు వెనుక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు అమర్చాడు. 1888 ఆరంభంలో ఒక రాత్రివేళ బాలుడు వాటితో వీధిలోకి వెళ్లి వచ్చాడు. మరునాటి ఉదయం తండ్రి టైర్లను జాగ్రత్తగా పరీక్షించాడు. రబ్బరుపై గాటు గాని, గీత గాని కనిపించలేదు. మెత్తనిది త్వరగా నశిస్తుందన్న భయం తీరింది. అటుపిమ్మట పెద్దల సైకిలుకు సరిపడే టైర్లు తయారుచేసి, బెల్‌ఫాస్ట్ దక్షిణ భాగంలోని చెర్రీవేల్ క్రీడా మైదానంలో పరీక్షించాడు. ఫలితాలు మరింత ఉత్సాహం కలిగించాయి. 1888 జులైలో పేటెంటుకు దరఖాస్తు చేయగా డిసెంబరు 7వ తేదీన మంజూరైంది.

కొత్త వస్తువును లోకం వెంటనే ఆదరించదు. లావుగా ఉబ్బిన ఆ టైర్లను చూసి జనం నవ్వారు. వారి నవ్వుకు సమాధానం పందెపు బాటలో లభించింది. బెల్‌ఫాస్ట్‌లోని ఒక సైకిలు సంఘానికి నాయకుడైన విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలును కొనుగోలు చేశాడు. ఆయన మేటి పందెగాళ్లలో ఒకడేమీ కాదు. అయినా 1889 మే 18వ తేదీన క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన పోటీలలో, తాను పాల్గొన్న నాలుగింటిలోనూ విజయం సాధించాడు. నవ్వినవారు నివ్వెరపోయారు. అనంతరం ఇంగ్లండులో జరిగిన పోటీలలోనూ ఆయనే గెలుపొందాడు.

ఓడిపోయినవారిలో హార్వే డ్యూ క్రో అనే వ్యాపారి కుమారులు ఉన్నారు. డ్యూ క్రో ఐర్లండు సైకిలు సంఘానికి అధ్యక్షుడు. తన కుమారుల ఓటమిని చూసి ఆయన ఆగ్రహించలేదు. దానికి కారణమైన వస్తువును గుర్తించాడు. ఆయన పూనికతో 1889 చివరలో డబ్లిన్ నగరంలో గాలి టైర్ల కంపెనీ ఏర్పడింది. డన్‌లప్ తన పేటెంటును ఆ సంస్థకు అప్పగించి అందులో భాగస్థుడైనాడు. వైద్యవృత్తిని విడిచి కుటుంబంతో డబ్లిన్‌లో స్థిరపడ్డాడు.

ఇంతలోనే పెద్ద పిడుగు పడింది. పేటెంటు లభించిన రెండేళ్లకు అది చెల్లదని అధికారికంగా తెలియవచ్చింది. గాలి చక్రాన్ని అంతకు నాలుగు దశాబ్దాలకు పూర్వమే మరొకరు కనుగొన్నారు. ఆయన కూడా స్కాట్లండు దేశీయుడే. స్టోన్‌హేవెన్‌లో 1822లో జన్మించిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845 డిసెంబరు 10వ తేదీన ఇంగ్లండులోను, 1846లో ఫ్రాన్సులోను, 1847లో అమెరికాలోను పేటెంట్లు పొందాడు. రబ్బరు గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడుగు వేసి గుర్రపు బండ్లకు అమర్చాడు. లండనులోని ఒక ఉద్యానవనంలో వాటిని నడిపి, బండి తేలికగా కదులుతున్నదని రుజువు చేశాడు. ఒక జత టైర్లు సుమారు 1,200 మైళ్లు తిరిగాయని ప్రతీతి.

మరి థామ్సన్ కృషి ఎందుకు మరుగున పడింది? ఆయన కాలానికి సైకిలు వాడుకలోకి రాలేదు. పలుచని మంచి రబ్బరు సులభంగా దొరికేది కాదు. బండ్ల యజమానులకు ఖర్చు అధికమనిపించింది. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతి కూడా అప్పటికి కొత్తదే. అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ దానికి పేటెంటు పొందినది 1844లోనే. విత్తనం మంచిదే గాని వాన రాలేదు. థామ్సన్ తరువాత గట్టి రబ్బరు చక్రాల ఆవిరి బండ్లను నిర్మించాడు. వాటిలో కొన్ని మన దేశానికి కూడా వచ్చాయి. ఆయన 1873లో మరణించాడు. డన్‌లప్ ఆయన కృషిని ఎరుగడు. ఇద్దరూ వేరువేరుగా ఒకే సత్యాన్ని చేరుకున్నారు. కనుగొన్న గౌరవం థామ్సన్‌ది. లోకానికి అలవాటు చేసిన గౌరవం డన్‌లప్‌ది. ఒకరికి ఇవ్వవలసినదాన్ని మరొకరి నుంచి తీసి ఇవ్వనవసరం లేదు.

మూల పేటెంటు పోయినా కంపెనీ నిలబడగలిగింది. అందుకు కారణం మరి ఇద్దరి నైపుణ్యం. మొదటి టైర్లలో ఒక చిక్కు ఉండేది. అవి చక్రానికి అంటించి, గుడ్డ చుట్టి బిగించినవి. ముల్లు గుచ్చుకుంటే వాటిని విప్పడం, తిరిగి అమర్చడం మహా ప్రయాస. 1890లో చార్లెస్ వెల్చ్ టైరు అంచులలో తీగ పొదిగి, మధ్యలో పల్లంగా ఉన్న చక్రపు అంచులో అది కుదురుకొనేటట్లు చేశాడు. అదే ఏడు విలియం బార్ట్‌లెట్ చక్రపు అంచు కొక్కెంలో టైరు ఇమిడే మరొక పద్ధతిని రూపొందించాడు. కంపెనీ ఈ రెండింటి హక్కులనూ సంపాదించింది. తీగ పొదిగిన అంచు నేటికీ మన టైర్లలో కనిపిస్తుంది. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు సులభంగా విప్పదగిన సైకిలు టైరును తయారుచేశారు. 1895లో వారే గాలి టైర్లు తొడిగిన మోటారు కారును పారిస్ నుంచి బోర్డో వరకు వెళ్లి వచ్చే పందెంలో నడిపారు. దారిపొడవునా టైర్లు పగిలి వారు ఆలస్యంగా చేరినప్పటికీ, మోటారు వాహనానికి గాలి టైరు తగినదేనని లోకానికి తెలిసింది.

డన్‌లప్ మాత్రం 1890వ దశకం నడుమనే కంపెనీ వ్యవహారాల నుంచి తప్పుకున్నాడు. 1896లో డ్యూ క్రో ఆ వ్యాపారాన్ని 30 లక్షల పౌండ్లకు విక్రయించాడు. ఆ సంపదలో డన్‌లప్‌కు దక్కినది స్వల్పం. టైర్లపై ఆయన పేరు దేశదేశాలకు వ్యాపించింది. ఆయన మాత్రం డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపార సంస్థ పనులు చూసుకుంటూ సాదాగా జీవించాడు. తన అనుభవాలను రాసి ఉంచగా, ఆయన మరణానంతరం కుమార్తె వాటిని గ్రంథంగా వెలువరించింది. 1921 అక్టోబరులో చలి సోకి, స్వల్పకాలపు అస్వస్థతతో 23వ తేదీన డబ్లిన్‌లో కన్నుమూశాడు. ఉత్తర ఐర్లండులోని ఒక బ్యాంకు తన పది పౌండ్ల నోటుపై ఆయన చిత్రాన్ని ముద్రించి గౌరవించింది.

ఏ ఆవిష్కరణ అయినా మంచితోపాటు చెడును కూడా వెంటబెట్టుకొని వస్తుంది. సైకిళ్లకు, మోటార్లకు టైర్లు కావలసి రావడంతో రబ్బరు గిరాకీ విపరీతంగా పెరిగింది. బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ ఏలుబడిలో ఉన్న కాంగోలో అడవి రబ్బరు సేకరణ కోసం అక్కడి ప్రజలను ఘోరంగా హింసించారు. ఒకచోట కుదుపు తగ్గిన సుఖానికి మరొకచోట అమాయకులు తమ రక్తంతో మూల్యం చెల్లించారు. ఆ నేరం డన్‌లప్‌ది కాదు. అయినా వస్తువును అనుభవించేవారు దాని పుట్టుకను కూడా తెలుసుకొని ఉండడం ధర్మం.

మన దేశంలో డన్‌లప్ పేరుతో పశ్చిమ బెంగాలులోని సాహాగంజ్‌లో 1936లో టైర్ల కర్మాగారం ఏర్పడింది. తెలుగు పల్లెలలో ఇనుప పట్టాల బండ్ల పక్కన టైరు బండ్లు తిరగసాగాయి. అదే జత ఎడ్లు టైరు బండిపై అధిక భారాన్ని సులభంగా లాగగలిగాయి. ఎడ్ల మెడపై కాడి అదురు తగ్గింది. గుర్రాల బాధలను తీర్చి బ్రతికిన పశువైద్యుని ఆలోచన చివరకు మన ఎడ్లకు కూడా ఉపశమనాన్ని ఇవ్వడం ఎంతో ఉచితంగా ఉన్నది.

గాలి టైరు కుదుపును జయించినమాట నిజమే. అయితే గెలుపు శాశ్వతమని అనుకోరాదు. దారి నునుపైన కొద్దీ, వేగం పెరిగిన కొద్దీ, కుదుపు దారి నుంచి కాక చక్రంలోనుంచే పుట్టడం మొదలైంది. దీనికి మంచి ఉదాహరణ మోటారు హోమ్. పడక, వంటగది అమర్చుకొని పాశ్చాత్య దేశాల కుటుంబాలు నెలల తరబడి సంచరించే పెద్ద వాహనమది. దానికి కొత్త టైర్లు వేయించిన తరువాత ప్రయాణం మరింత సుఖంగా ఉండవలసింది పోయి, ఒక వేగం దాటగానే వాహనమంతా వణకడం కొందరికి అనుభవమే. కొత్త టైరు చెడ్డదని వెంటనే నిందించడం తొందరపాటు. పరీక్ష సులభమైనదానితో మొదలుకావాలి. గాలి ఒత్తిడి వాహనం మోసే బరువుకు తగినట్లు ఉన్నదా? చక్రపు నట్లు ఎదురెదురు వరుసలో సమానంగా బిగించారా? టైరు అంచు చక్రంలో అన్నివైపులా సమంగా కూర్చున్నదా? టైరు పక్కభాగంలో అంచు వెంబడి ఉన్న గీత, చక్రపు అంచు నుంచి చుట్టూ ఒకే దూరంలో ఉంటే అది సరిగా కూర్చున్నట్లు. తరువాత చక్రం బరువు అంతటా సమంగా ఉన్నదో లేదో యంత్రంపై తిప్పి చూడాలి. తేలికగా ఉన్నచోట చిన్న సీసపు లేదా ఉక్కు తూనికలు అమర్చాలి. బరువు సరిపోయినా కొన్నిసార్లు టైరు సంపూర్ణ వృత్తంగా ఉండదు. దానిని తిప్పుతూ ఎత్తుపల్లాలను కొలవాలి. చాలాకాలం కదలకుండా నిలిపిన వాహనంలో టైరు నేలను ఆనినచోట చదును పడి, కొంత దూరం నడిచి వేడెక్కిన తరువాత అది సర్దుకోవచ్చు కూడా.

ఇంకా తెలియకపోతే డన్‌లప్ మార్గమే శరణ్యం. స్టీరింగు అదిరితే లోపం ముందు చక్రాలలోను, ఆసనమూ నేలా అదిరితే వెనుక చక్రాలలోను ఉండడానికి అవకాశం ఎక్కువ. అనుమానించిన చక్రాన్ని, ఒకే కొలత గలదైతే, మరొకచోటికి మార్చి చూడాలి. అదురు కూడా దానివెంట మారితే దోషం ఆ చక్రంలోనే ఉన్నట్లు. మారకపోతే ఇరుసులోనో, ఇతర భాగాలలోనో వెదకాలి. బెల్‌ఫాస్ట్ ఆవరణలో రెండు చక్రాలను దొర్లించి చూసిన వివేకమే నేటి మెకానిక్కుకు కూడా దారి చూపుతున్నది.

డన్‌లప్ జీవితంలో అద్భుత సంఘటనలు తక్కువ. ఆయన గొప్ప గణితం చేయలేదు. ఖరీదైన ప్రయోగశాలను నిర్మించలేదు. కుమారుని ఇబ్బందిని స్వల్పమని తోసిపుచ్చలేదు, అంతే. అందరూ విధిగా భావించి సహించిన కుదుపును ఆయన ఒక ప్రశ్నగా స్వీకరించాడు. కారణం పుట్టినచోటుకు వెళ్లి వెదికాడు. ఊహను నమ్ముకొని ఊరుకోక పోల్చి పరీక్షించాడు. ఇంటిముందు సమస్యను ఈ మూడు గుణాలతో ఎదుర్కొన్నవాడు లోకానికి మేలు చేయగలడని ఆయన జీవితం నిరూపిస్తున్నది. ధనం ఇతరులకు పోయింది, ప్రథమ కర్త అన్న గౌరవం థామ్సన్‌కు చెందింది. కాని నేడు ఏ దారిలోనైనా పసిపిల్లవాడు తల్లి ఒడిలో మేలుకోకుండా ప్రయాణం చేస్తున్నాడంటే, అందులో ఆ పశువైద్యుని పరిశ్రమ ఉన్నది.